‘కాలిగరి’ ముగింపు: పిచ్చివాడెవరు, సాక్షి ఎవరు?

కథ ముగింపును చూసి కథకుడి దృక్పథాన్ని తేల్చెయ్యడం మన విమర్శలో చాలాకాలంగా పాతుకుపోయిన అలవాటు. చివరి పేరాలో పాత్ర తిరగబడితే కథ అభ్యుదయకరం. లొంగిపోతే అభివృద్ధి నిరోధకం. ఈ కొలబద్ద పూర్తిగా పనికిరానిదని నేననను. ఏ పక్షమూ తీసుకోకుండా ముగింపు రాయడం ఎవరికీ సాధ్యం కాదు. కాని ముగింపు అంటే న్యాయమూర్తి చదివి వినిపించే తీర్పా? లేక అంతదాకా చెప్పిన కథ మీద చివరగా పడే ఒక వెలుగా? ఆ వెలుగు ఎటువైపు నుంచి పడుతున్నదో చరిత్ర తెలియకుండా చెప్పగలమా? ఈ ప్రశ్నలను మన కథల మీద చర్చిస్తే స్వపర భేదాలు అడ్డు వస్తాయి. అందుకని దూరంగా ఉన్న ఉదాహరణను ఎన్నుకున్నాను. అది వందేళ్లు దాటిన ఒక జర్మన్ భయానక చిత్రం. దాని చివరి దృశ్యం మీద ఒక తరం విమర్శకులు ఒక జాతి చరిత్రనే నిలబెట్టారు. తర్వాతి తరం ఆ పునాదిని కదిలించింది. ఈ వాదం నుంచి సాహిత్య విద్యార్థులు నేర్చుకోవలసింది చాలా ఉన్నదని నా అభిప్రాయం.

1

‘డాక్టర్ కాలిగరి క్యాబినెట్’ 1920 ఫిబ్రవరి 26న బెర్లిన్‌లోని మార్మోర్‌హౌస్ థియేటర్‌లో విడుదలైంది. ఇక్కడ క్యాబినెట్ అంటే మంత్రివర్గం కాదు, తిరునాళ్లలో వింతలు చూపించే డేరా. మూకీ చిత్రం. దర్శకుడు రాబర్ట్ వీనె. రచయితలు కార్ల్ మాయర్, హాన్స్ యానోవిట్స్. హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ అనే ముగ్గురు చిత్రకారులు సెట్లు వేశారు. గోడలు వంగి ఉంటాయి, కిటికీలు వంకరగా ఉంటాయి. వెలుగునీడలను సైతం గుడ్డల మీద రంగుతోనే గీశారు.

తోటలో బెంచీ మీద కూర్చున్న ఫ్రాన్సిస్ అనే యువకుడు పక్కనున్న పెద్దమనిషికి తన కథ చెప్పడంతో చిత్రం మొదలవుతుంది. హోల్‌స్టెన్‌వాల్ అనే ఊళ్లో తిరునాళ్లు. కాలిగరి అనే ముసలివాడు ప్రదర్శనకు అనుమతి కోసం ఊరి గుమాస్తా దగ్గరికి వెళతాడు. ఎత్తైన స్టూలు మీద కూర్చున్న ఆ గుమాస్తా అతన్ని కసురుకుంటాడు. ఆ రాత్రే గుమాస్తా హత్య జరుగుతుంది. కాలిగరి తన డేరాలో చెజారె అనే యువకుణ్ణి పెట్టెలోంచి లేపి జోస్యం చెప్పిస్తుంటాడు. చెజారె నిద్రలోనే నడుస్తాడు, నిద్రలోనే యజమాని చెప్పింది చేస్తాడు. ఫ్రాన్సిస్ మిత్రుడు ఆలన్ తానెంతకాలం బతుకుతానని అడిగితే, తెల్లవారేదాకా అని జవాబు వస్తుంది. తెల్లవారేసరికి ఆలన్ శవమై ఉంటాడు. జేన్ అనే యువతిని ఎత్తుకుపోబోయి, జనం తరుముతుంటే చెజారె కుప్పకూలిపోతాడు. కాలిగరిని వెంబడించిన ఫ్రాన్సిస్ ఒక పిచ్చాసుపత్రిలో అడుగుపెడతాడు. ఆ ఆసుపత్రి డైరెక్టరే కాలిగరి! 1783లో ఉత్తర ఇటలీలో తిరిగిన కాలిగరి అనే మాంత్రికుడి వృత్తాంతం అతని గదిలో దొరుకుతుంది. నిద్రలో ఉన్న మనిషి చేత, మెలకువలో ఎన్నటికీ చెయ్యని హత్యను చేయించవచ్చునా అని తెలుసుకోవాలన్నదే ఆ డాక్టరు ఉన్మాదం. చెజారె శవాన్ని చూడగానే అతనికి మతి తప్పుతుంది. సొంత సిబ్బందే అతనికి చేతులు కదలకుండా కట్టేసే చొక్కా తొడిగి గదిలో పడేస్తారు.

కథ ఇక్కడ ఆగితే దాని అర్థం గురించి ఇంత చర్చ ఉండేది కాదు. కాని ఆగలేదు. మళ్లీ తోట. ఫ్రాన్సిస్ లేచి ఆసుపత్రి ముంగిట్లోకి నడుస్తాడు. అక్కడ జేన్ తానొక రాణినన్న భ్రమలో ఉంటుంది. చెజారె బతికే ఉన్నాడు, చేతిలో పువ్వు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వీళ్లంతా రోగులు. ఫ్రాన్సిసూ రోగే. డైరెక్టర్ రాగానే ఫ్రాన్సిస్ అతని మీద పడతాడు. ఇప్పుడు చొక్కా తొడిగేది ఫ్రాన్సిస్‌కు. పడేసేది ఆ గదిలోనే. డైరెక్టర్ కళ్లజోడు పెట్టుకుని అతన్ని పరీక్షిస్తాడు, తర్వాత కళ్లజోడు తీసేస్తాడు. ఇతను నన్ను ఆ కాలిగరి అనుకుంటున్నాడు, నయం చేసే మార్గం నాకిప్పుడు తెలిసిందని ప్రకటిస్తాడు. తెర మీద డైరెక్టర్ ముఖం ఒక్కటే మిగులుతుంది. చుట్టూ చీకటి వలయంలా ముడుచుకుని ఆ ముఖాన్ని మింగేస్తుంది. చిత్రం అయిపోయింది.

ఆ ముఖం ఎవరిది? దయగల వైద్యుడిదా, తప్పించుకున్న హంతకుడిదా?

2

ఈ ప్రశ్నకు అందరికంటె బలంగా జవాబు చెప్పినవాడు జీగ్‌ఫ్రీడ్ క్రాకావర్. జర్మనీలో పేరున్న పత్రికా రచయిత. నాజీలు అధికారానికి వచ్చిన 1933లో పారిస్‌కు, 1941లో అమెరికాకు వలసపోయాడు. అక్కడ 1947లో ‘కాలిగరి నుంచి హిట్లర్ దాకా’ అనే గ్రంథం ప్రచురించాడు. చేతిరాతలో ఉన్న యానోవిట్స్ జ్ఞాపకాలు ఆయనకు ఆధారం. ఆ జ్ఞాపకాల ప్రకారం రచయితలిద్దరూ యుద్ధంలో నలిగినవాళ్లు. యానోవిట్స్ సైన్యంలో అధికారిగా పనిచేసి యుద్ధాన్ని అసహ్యించుకుంటూ తిరిగివచ్చాడు. మాయర్ సైనిక మానసిక వైద్యుడి పరీక్షలకు గురై ఆ వైద్యుడి మీద కసి పెంచుకున్నాడు. చెజారె అంటే చంపడానికీ చావడానికీ శిక్షణ పొందిన సామాన్య సైనికుడు. కాలిగరి అంటే అతన్ని ఆడించే రాజ్యం. రాజ్యమే పిచ్చిదని చెప్పడం ఈ కథ లక్ష్యం. తోటలో మొదలై ఆసుపత్రిలో ముగిసే చట్రాన్ని రచయితలు వ్యతిరేకించినా నిర్మాణపక్షం తగిలించిందని, దానితో అధికారాన్ని ఎండగట్టిన కథ అధికారానికి దండం పెట్టే కథగా తలకిందులైందని క్రాకావర్ వాదించాడు.

ఈ వాదానికి ఆయన చూపిన సాక్ష్యాలలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటున్నది. ఈ చిత్రాన్ని సమీక్షిస్తూ సోషల్ డెమోక్రాట్ల పత్రిక ‘ఫోర్వర్ట్స్’ చివరి దృశ్యాన్ని మెచ్చుకున్నది. మానసిక రోగుల పట్ల సానుభూతి, వైద్యుల త్యాగశీలత పట్ల అవగాహన కలిగిస్తున్నదని ప్రశంసించింది. అది కార్మికవర్గ పార్టీ పత్రిక. అప్పటికి ఏడాది కిందటే, 1919 జనవరి 15న, రోజా లక్సెంబర్గ్‌ను, కార్ల్ లీబ్‌క్‌నెక్ట్‌ను బెర్లిన్‌లో చంపేశారు. చంపినది ఆ పార్టీ ప్రభుత్వ అండతో నడిచిన సైనిక ముఠాలే. చిత్రం విడుదలైన పదహారో రోజున, 1920 మార్చి 13న, అలాంటి ముఠాలే ఆ ప్రభుత్వం మీదకే తిరగబడి బెర్లిన్‌ను ఆక్రమించాయి. కార్మికుల సార్వత్రిక సమ్మె ఆ కుట్రను నాలుగైదు రోజుల్లో కూల్చింది. అటువంటి రోజుల్లో, చివరి తెర మీద మిగిలిన ముఖంలో ఆ పత్రికకు కరుణే కనిపించింది. తన ముందు నిలబడ్డది యజమానా, వైద్యుడా అని అడగాలన్న స్పృహే దానికి కలగలేదు.

3

క్రాకావర్ గ్రంథం దశాబ్దాల పాటు వేదవాక్యంగా చెల్లింది. రచయితలు విప్లవకారులు, నిర్మాత ద్రోహి అన్న కథ మనబోటి వాళ్లకు వినసొంపుగా కూడా ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, క్రాకావర్ మూల స్క్రిప్టును చూడలేదు. దాని ప్రతి ఒకటి కాలిగరి వేషం వేసిన వెర్నర్ క్రౌస్ దగ్గర ఉండిపోయింది. క్రౌస్ 1959లో మరణించాడు. 1970ల రెండో భాగంలో ఆ ప్రతి బెర్లిన్‌లోని చలనచిత్ర భాండాగారానికి చేరింది. 1995లో అచ్చయింది. అందులో ఏమున్నది? రచయితల స్క్రిప్టులోనే ఒక చట్రం ఉన్నది! ఒక పెద్ద ఇంటి వసారాలో ఫ్రాన్సిస్, జేన్ అతిథులకు విందు ఇస్తుంటారు. అతిథుల కోరిక మీద, ఇరవై ఏళ్ల కిందట జరిగిన ఘోరాన్ని ఫ్రాన్సిస్ చెప్పడం మొదలుపెడతాడు.

అంటే చట్రమే పరాయిదన్న మాట నిలవదు. కథలో కథ చెప్పే పద్ధతి రచయితలదే. రాజ్యం మీద తిరుగుబాటు అన్న మాట కూడా స్క్రిప్టులో క్రాకావర్ చెప్పినంత నేరుగా కనిపించదు. యానోవిట్స్ తన జ్ఞాపకాలు రాసింది హిట్లర్‌ను చూశాక, ప్రవాసంలో. ఇరవై ఏళ్ల వెనకటి తన కథకు తర్వాతి చరిత్ర ఇచ్చిన అర్థాన్ని ఆయన మొదటి నుంచీ ఉన్న అర్థంగా గుర్తు చేసుకున్నాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. జ్ఞాపకం పనిచేసే తీరే అది. మరోవైపు దర్శకుడు ఫ్రిట్స్ లాంగ్, చట్రం సలహా తనదేనని చెప్పుకున్నాడు. మొదట ఈ చిత్రాన్ని ఆయనకే ఇవ్వజూపారు. ఒకే ముగింపుకు ఇంతమంది హక్కుదారులు! రచయిత ఆత్మకథనాన్ని విమర్శకు ఏకైక ఆధారంగా తీసుకునేవాళ్లు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి.

అయితే కొత్త సాక్ష్యం దొరికింది కనుక క్రాకావర్ మాట కొట్టుకుపోయిందని తీర్మానించేవాళ్లతో నేను ఏకీభవించను. రెండు చట్రాలకూ తేడా చూడండి. స్క్రిప్టులో కథ చెప్పేవాడు సంసారి, స్వస్థచిత్తుడు, తన ఇంట్లో తాను కూర్చున్నవాడు. అతని మాటను శంకించే పని లేదు. చిత్రంలో కథ చెప్పేవాడు బందీ. అతని మాట విలువను నిర్ణయించేది అతన్ని బంధించినవాడు. క్రాకావర్ సాక్ష్యం బలహీనపడింది. ఆయన ప్రశ్న బలహీనపడలేదు. చట్రం ఎవరు పెట్టారన్నది చిన్న ప్రశ్న. ఆ చట్రం ఎవరి మాటను చెల్లని కాసు చేసిందన్నది పెద్ద ప్రశ్న.

4

ఇప్పుడు చివరి దృశ్యాన్నే చూద్దాం. వంకర సెట్లు పిచ్చివాడి చూపుకు సంకేతమని, చట్రం సెట్ల విచిత్రాన్ని సమర్థించడానికే పెట్టారని ఒక వివరణ ప్రచారంలో ఉన్నది. అదే నిజమైతే ఫ్రాన్సిస్ కథ ముగిసి మనం ‘వాస్తవం’లోకి వచ్చాక గోడలు నిటారుగా నిలబడాలి. నిలబడవు. ఆసుపత్రి ముంగిట నేల మీద కిరణాల్లా పరుచుకున్న గీతలు, వెనకున్న కమానులు ఫ్రాన్సిస్ కథలో ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. అతన్ని పడేసిన గది కూడా కథలో కాలిగరిని పడేసిన గదే. 2014లో పునరుద్ధరించిన ప్రతిలో ఇదంతా స్పష్టంగా కనిపిస్తుంది. డబ్బు ఆదాకోసం అవే సెట్లు వాడుకున్నారని ఎవరైనా అనవచ్చు. కావచ్చు. కాని ప్రేక్షకుడు చూసేది లెక్కల పుస్తకాన్ని కాదు, తెరను. తెర మీద మాత్రం పిచ్చివాడి లోకానికీ వైద్యుడి లోకానికీ గోడలు ఒక్కటే.

కళ్లజోడు మరో సంగతి. దాన్ని పెట్టుకున్న క్షణంలో డైరెక్టర్ అచ్చంగా కాలిగరి అయిపోతాడు. తీసేయగానే సౌమ్యుడవుతాడు. ఈ మార్పు జరిగేది ఫ్రాన్సిస్ చెబుతున్న కథలో కాదు, కథ ముగిశాక, మన కళ్లెదుట. ఇది చూశాక ఫ్రాన్సిస్ చెప్పిందంతా భ్రమ అని నమ్మడానికి మనకు మిగిలిన ఆధారమేమిటి? డైరెక్టర్ మాట ఒక్కటే. అతనేం నయం చేస్తాడో, ఎలా చేస్తాడో చిత్రం చూపించదు. మాట ఇచ్చిన ముఖాన్ని చూపించి ఆగిపోతుంది.

మన భేతాళ కథలు వినని తెలుగువాడుండడు. కథ చెప్పి, ప్రశ్న అడిగి, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని శవంలోని భేతాళుడు రాజును బెదిరిస్తాడు. తీర్పు చెప్పే బాధ్యత కథ వినేవాడిది. ‘కాలిగరి’ చివరి దృశ్యం కూడా మనల్ని విక్రమార్కుడి స్థానంలోనే నిలబెడుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ మౌనంగా ఉంటే పగిలేది మన తల కాదు, ఫ్రాన్సిస్ తల.

5

ఇక్కడ నేను క్రాకావర్‌తో విభేదించే మరో విషయం చెప్పాలి. ఆయనకు పిచ్చాసుపత్రి ఒక ప్రతీక. దేశమంతా ఒక పిచ్చాసుపత్రి, డైరెక్టర్ నియంత. ప్రతీకను వెతికే తొందరలో ఆయన అసలు పిచ్చాసుపత్రిని దాటిపోయాడు. మన విమర్శలోనూ ఈ జబ్బున్నది. కథలో కొడవలి కనిపిస్తే విప్లవం అంటాం, దానితో కోసిన వరి సంగతి అడగం.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సుమారు 20 లక్షలమంది సైనికులను పోగొట్టుకున్నది. ఫిరంగుల మోతకు వణుకుడు పట్టి, మాట పడిపోయి, కాళ్లు చచ్చుబడి వచ్చినవాళ్లు లెక్కకు మించినవాళ్లు. వీళ్లు నిజమైన రోగులా, నటిస్తున్నారా అని తేల్చే అధికారం సైనిక మానసిక వైద్యులది. 1916లో ఫ్రిట్స్ కౌఫ్‌మన్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన చికిత్సలో రోగికి బలమైన విద్యుత్ షాకులిచ్చి, సైనిక ఆజ్ఞల్లాంటి ఆజ్ఞలిచ్చి లొంగదీసేవారు. వశీకరణ విద్యను వాడిన వైద్యులూ ఉన్నారు. నిద్రపుచ్చి ఆజ్ఞలిచ్చే డాక్టరు మాయర్, యానోవిట్స్‌ల ఊహలోంచి ఊడిపడ్డవాడు కాదు. ఆంటన్ కేస్ అనే చరిత్రకారుడు 2009లో ప్రచురించిన గ్రంథంలో ఈ కాలపు జర్మన్ చిత్రాలను యుద్ధ గాయపు చరిత్రలో నిలిపి చదివాడు. ప్రతీకను కిందికి దించి నేల మీద నిలబెట్టిన చదువు అది. ఆ యుద్ధకాలంలోనే పిచ్చాసుపత్రుల్లో తిండి కోతలవల్ల వేలాదిమంది రోగులు ఆకలితో, క్షయతో చనిపోయారు.

మరొక తేదీ గమనించండి. ఈ చిత్రం విడుదలైన 1920లోనే కార్ల్ బిండింగ్ అనే న్యాయశాస్త్రవేత్త, ఆల్‌ఫ్రెడ్ హోఖె అనే మానసిక వైద్యుడు కలిసి లైప్‌జిగ్‌లో ఒక చిన్న పుస్తకం వెలువరించారు. బతకడానికి అర్హత లేని బతుకులను అంతం చేసే అనుమతి గురించిన వాదం అది. తాము మాట్లాడుతున్నది హత్య గురించి కాదని, కరుణ గురించి అని వాళ్ల ధోరణి. 1933 జులైలో నాజీ ప్రభుత్వం నిర్బంధ శస్త్రచికిత్సల చట్టం తెచ్చింది. 1940-41లలో ఆరు కేంద్రాల్లో విషవాయువుతో 70,000 మందికి పైగా రోగులను, వికలాంగులను చంపారు. ఎవరు చావాలో కాగితాల మీద గుర్తు పెట్టినవాళ్లు తుపాకి పట్టిన సైనికులు కాదు, వైద్యులు. వాళ్లలో ఆసుపత్రి డైరెక్టర్లు ఉన్నారు, ప్రొఫెసర్లు ఉన్నారు.

చిత్రం ఇదంతా ముందే చెప్పిందని నేననడం లేదు. భవిష్యత్తును గతంలోకి తోసి చదవడమే క్రాకావర్ చేసిన పొరపాటు. 1920 నుంచి 1940కి పట్టాలు వేసి లేవు. మధ్యలో ఓడిపోయిన సమ్మెలున్నాయి, చీలిపోయిన కార్మికోద్యమమున్నది, ఆర్థిక సంక్షోభమున్నది, వేరే దారి పట్టగలిగిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. నేననేది ఇంతే: ‘నయం చేసే మార్గం నాకు తెలిసింది’ అనే మాట 1920లో అమాయకమైన మాట కాదు. ఎవరి చేతిలో తాళం ఉన్నదో వాళ్లు అన్నప్పుడు అది ఏ కాలంలోనూ అమాయకమైన మాట కాదు.

6

పట్టాలు లేవని చెప్పడానికి ఆ చిత్రంలో పనిచేసినవాళ్ల జీవితాలే చాలు. వీనె జర్మనీ విడిచి వెళ్లి 1938లో పారిస్‌లో చనిపోయాడు. మాయర్ 1944లో లండన్‌లో, యానోవిట్స్ 1954లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. నిర్మాత ఎరిక్ పొమ్మర్ కూడా 1933లో దేశం వదిలాడు. యజమాని ఆజ్ఞలకు హత్యలు చేసిన చెజారె వేషధారి కాన్రాట్ ఫైట్ యూదు భార్యతో కలిసి వలసపోయాడు. 1942లో అమెరికా చిత్రం ‘కాసాబ్లాంకా’లో నాజీ అధికారి వేషం వేశాడు. తెల్లవారేదాకా బతికిన ఆలన్ వేషధారి ట్వార్డోవ్‌స్కీ 1943లో, ఫ్రిట్స్ లాంగ్ తీసిన నాజీ వ్యతిరేక చిత్రంలో హైడ్రిష్‌గా కనిపించాడు. చివరి తెర మీద మిగిలిన ముఖం మాత్రం వెనకే మిగిలింది. వెర్నర్ క్రౌస్ నాజీల పాలనలో వెలిగిపోయాడు. 1940 నాటి యూదు ద్వేష చిత్రం ‘జూద్ స్యూస్’లో ఒకటికి మించిన యూదు పాత్రలను వికృతంగా అభినయించాడు.

ఒకే డేరాలోంచి బయలుదేరినవాళ్లు ఇన్ని దారులు పట్టారు. కాబట్టి ఒక చిత్రంలో ఒక జాతి ఆత్మ మొత్తం కనిపిస్తుందనే సూత్రం నిలవదు. ఆ కాలంలో ఉన్న ఘర్షణ కనిపిస్తుంది. ‘కాలిగరి’ ముగింపులో ఘర్షణ పరిష్కారం కాలేదు, అణచివేతకు గురైంది. అణచిన చోటే వాపు కనిపిస్తున్నది: నిటారు కాని గోడల్లో, కళ్లజోడులో, చెప్పీ చెప్పని చికిత్సలో.

7

ఇక మన సంగతి. పాలకుల మీద ఆరోపణ చేసేవాణ్ణి జైల్లో పెట్టడం పాత పద్ధతి. అతని మాటకు సాక్ష్యపు విలువ లేదని ముద్ర వెయ్యడం అంతకంటె నాజూకైన పద్ధతి. ఇతనికి మతి స్థిమితం లేదు, ఆమె ఆవేశపరురాలు, వాళ్లు ఎవరో నూరిపోసిన మాటలు అప్పగిస్తున్నారు - ఈ వాక్యాలు మనకు కొత్తవి కావు. బాధితుడి కథకు అధికారి చట్రం బిగిస్తే, కథలో ఒక్క అక్షరం మార్చకుండానే కథ తలకిందులవుతుంది. రచయితలు ముగింపు గురించి ఆలోచించేటప్పుడు చివర ఎవరు గెలిచారన్న దానికంటె చివరి మాట ఎవరి నోట పెట్టాం, ఆ మాటను నమ్మమని పాఠకుణ్ణి వేడుకుంటున్నామా, పరీక్షించమని పురిగొల్పుతున్నామా అన్నది ముఖ్యం.

విమర్శకులకు కూడా మూడు పనులున్నాయి. రచయిత చెప్పుకున్న ఉద్దేశాన్ని వినాలి, కాని పత్రాలతో సరిచూడాలి. ప్రతీకను గుర్తించాలి, కాని ఆ ప్రతీకగా మారిన వస్తువు అసలు జీవితాన్ని ముందుగా తెలుసుకోవాలి. ముగింపును చదవాలి, కాని అంతకుముందు జరిగినదాన్ని రద్దు చేసే ఆజ్ఞాపత్రంగా కాదు. ఈ మూడూ చేసినప్పుడు ‘కాలిగరి’ చివరి ముఖం కరుణామూర్తిగానూ మిగలదు, హిట్లర్ ముసుగుగానూ మిగలదు. ఒక నిందితుడు తన మీద వచ్చిన ఫిర్యాదును తానే విచారించి, తానే కొట్టేసి, ఫిర్యాదు చేసినవాణ్ణి తానే శిక్షించబోతూ ఆ శిక్షకు వైద్యమని పేరు పెట్టే దృశ్యంగా మిగులుతుంది. విచారణ సక్రమంగా జరగలేదని చెప్పవలసిన సాక్షి చేతులు కట్టేసి ఉన్నాయి. థియేటర్‌లో కూర్చున్న మన చేతులు కట్టేసి లేవు.